పెద్దవాళ్లకు మూడు మాత్రలు: ఆ లెక్క ఎవరు కట్టారు?

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో బోదకాలు మాత్రలు పంచే రోజు ఎలా ఉంటుందో ఇక్కడి వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి, ఇంట్లో ఎందరున్నారో రాసుకుని, అన్నం తిన్నారో లేదో అడిగి, బోదకాలు కలిగించే పురుగుకు మందైన డీఈసీ మాత్రలు చేతిలో పెట్టి, తన ఎదుటే మింగమంటుంది. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు ఒకటి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు రెండు, పదిహేనేళ్లు నిండిన అందరికీ మూడు. దానికి తోడు నులిపురుగులకు ఇచ్చే ఆల్బెండజోల్ ఒకటి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో మంచాన ఉన్నవాళ్లకు ఇవ్వరు. ఈ మాత్రలు వేసుకోవాలా వద్దా అన్న వాదన ప్రతి ఊళ్లోనూ జరుగుతుంది గానీ, పెద్దవాళ్లకు మూడే ఎందుకు, నాలుగెందుకు కావు, బడికి పోయే పిల్లకు రెండే ఎందుకు అని అడిగినవాళ్లను నేను చూడలేదు.

అడిగితే జవాబు ఒక వాక్యంలో రాదు. ఒక పదార్థం పురుగును చంపుతుందని కనిపెట్టడం ఒక పని. దాన్ని ఎవరికి, ఎంత, ఎన్నిసార్లు ఇవ్వాలో, ఎవరికి అసలు ఇవ్వకూడదో, మేలు జరిగిందని దేన్ని చూసి ఒప్పుకోవాలో తేల్చడం మరో పని. మొదటిదాన్ని పరిశోధన అంటున్నాం. రెండోదాన్ని మందుల రంగంలో క్లినికల్ డెవలప్‌మెంట్ అంటారు. ఫలానా శాస్త్రవేత్త పరిశోధకుడిగా మొదలై ఒక బయోటెక్ కంపెనీలో క్లినికల్ డెవలప్‌మెంట్ అధిపతి అయ్యాడని వార్తల్లో చదివినప్పుడు అది మామూలు ప్రమోషన్‌లా కనిపిస్తుంది. నా దృష్టిలో అది దాదాపు వృత్తి మారడమే. ల్యాబ్‌లో ఉన్నన్నాళ్లూ తన ఊహ నిజమని చూపించడానికి పాటుపడిన మనిషి, అక్కడి నుంచి బయటకు వచ్చాక, తన ఊహ తప్పయిన పక్షంలో ఆ సంగతి వీలైనంత తొందరగా, వీలైనంత తక్కువమందికి కష్టం కలిగేలోగా బయటపడే ఏర్పాటు చేయవలసి వస్తుంది.

ఈ తేడా మన ప్రాంతంలో స్పష్టంగా కనిపించకపోవడానికి కారణం ఉంది. మందుల కంపెనీ అనగానే పాలమూరు వాళ్లకు జడ్చర్ల పక్కనున్న పోలేపల్లి సెజ్, నల్గొండ వాళ్లకు చౌటుప్పల్ గుర్తుకొస్తాయి: షిఫ్టు బస్సులు, ప్రొడక్షన్, క్యూసీ, ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివిన పిల్లలు, వాసన గురించీ బోరు నీళ్ల గురించీ చుట్టుపక్కల ఊళ్ల ఫిర్యాదులు. అలాంటి ఫ్యాక్టరీల్లో తయారయ్యే వాటిలో చాలా భాగం ఎప్పుడో, ఎక్కడో మనుషుల మీద పరీక్షలన్నీ పూర్తయిన మందులే. వాటి డోసు తెలుసు, దుష్ఫలితాలు తెలుసు. అదే అణువును అంతే శుద్ధంగా, తక్కువ ఖర్చుతో చేయగలగడం అక్కడి విద్య. అది చిన్న విద్యేమీ కాదు, ప్రపంచంలో చాలామంది పేదలకు మందులు అందుతున్నది దానివల్లనే. అయితే ‘ఈ డోసు ఎందుకు’ అన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు. జవాబు ముందే రాసి ఉంటుంది.

బయోటెక్నాలజీ మందుల దగ్గరికి వచ్చేసరికి ఆ సౌకర్యం పోతుంది. పారాసిటమాల్ అణువులో ఉండేవి 20 పరమాణువులు. క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి ఇంజెక్షన్‌గా ఇచ్చే ఒక యాంటీబాడీలో ఇరవై వేలకు పైగా ఉంటాయి. దాన్ని రియాక్టర్‌లో రసాయనాలు కలిపి చేయలేరు. జన్యువు మార్చిన జీవకణాలను పెంచి, వాటిచేత చేయించుకోవాలి. కణాలకు వేసే మేత మారినా, ఉష్ణోగ్రత కొద్దిగా మారినా, ఆ ప్రొటీన్‌కు అంటుకునే చక్కెర గొలుసుల అమరిక మారవచ్చు, దాంతో శరీరం దాన్ని చూసే తీరూ మారవచ్చు. అందుకే మాత్రల విషయంలో కొన్ని డజన్ల మంది ఆరోగ్యవంతుల రక్తంలో మందు మోతాదు ఒకేలా ఉందని చూపిస్తే సరిపోయే చోట, బయోటెక్ మందుకు, అది మరొకదానికి నకలే అయినా, సాధారణంగా రోగులతో ట్రయల్ చేయాల్సి వచ్చేది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ ఈస్ట్ కణాలతో చేసిన హెపటైటిస్-బి టీకా, 2007లో డాక్టర్ రెడ్డీస్ తెచ్చిన రిటుక్సిమాబ్ అనే క్యాన్సర్ యాంటీబాడీ మన నగరం ఈ దారిలో వేసిన తొలి అడుగులు. ల్యాబ్‌లో కణాలను పెంచే శాస్త్రవేత్తకూ ఆస్పత్రిలో రోగిని చూసే డాక్టరుకూ మధ్య రెండు భాషలూ తెలిసిన మనిషి అవసరం ఇక్కడ ఏర్పడింది.

ఈ రెండు పనులు ఒకప్పుడు ఎంత విడివిడిగా ఉండేవో తెలియాలంటే ఆ డీఈసీ మాత్ర పుట్టుకనే చూడవచ్చు. ఆ మందు 1947లో వెలుగులోకి వచ్చింది అమెరికాలోని లెడర్లీ లేబొరేటరీస్‌లో. అక్కడ పరిశోధనకు నాయకత్వం వహించినవారు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ తరహా పదార్థాలు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ఎక్కువైంది. అంటే ఆ కణాలు ఫోలిక్ యాసిడ్‌ను తిని పెరుగుతున్నాయన్నమాట. అలాగైతే దానికి అడ్డుపడే పదార్థం ఇస్తే ఏమవుతుంది? సుబ్బారావు బృందం అమినాప్టెరిన్ చేసి పంపింది. 1948లో ఫార్బర్ ప్రచురించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. అణువును చేసిన చేయి ఒకరిది, రోగి మంచం పక్కన దాన్ని వాడి, బాగైందా లేదా అని చూసిన కన్ను మరొకరిది. ఇద్దరి మధ్య ఉత్తరాలు, పొట్లాలు నడిచాయి. ఇవాళ బయోటెక్ కంపెనీలో ఆ చేయీ ఆ కన్నూ ఒకే అధిపతి కింద పనిచేస్తాయి. వాటి మధ్య నడిచేవి ట్రయల్‌ను ఎలా నడపాలో ముందే రాసిపెట్టే వేల పేజీల ప్రొటోకాల్స్.

ఇక డోసు సంగతి. కొత్త మందును మొదటిసారి మనిషికి ఇచ్చేటప్పుడు ఎంత ఇవ్వాలి? చాలాకాలం దీనికి ఒక బండగుర్తు ఉండేది: జంతువుల్లో ఎంత ఇస్తే హాని కలగలేదో చూసి, అందులో ఎన్నో వంతుకు తగ్గించి మొదలుపెట్టడం. 2006 మార్చిలో లండన్‌లోని ఒక ఆస్పత్రి ఆవరణలో టీజీఎన్1412 అనే యాంటీబాడీని ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు ఇచ్చారు. కోతుల్లో హాని లేదని తేలిన డోసులో అది 500వ వంతు. కాగితం మీద అంతకంటే జాగ్రత్త ఏముంటుంది? అయినా గంటన్నర తిరగకముందే ఆరుగురికీ తలనొప్పి, వణుకు, వాంతులు మొదలై, కొన్ని గంటల్లో అవయవాలు ఒక్కొక్కటే మొరాయించాయి. అందరూ బతికి బయటపడ్డారు గానీ, ఒకరు కాలివేళ్లు, చేతివేళ్ల కొనలు కోల్పోయారు. మనిషి రోగనిరోధక కణం ఆ మందుకు స్పందించిన విధంగా కోతి కణం స్పందించదని ఆ తర్వాత అర్థమైంది. అంతకంటే పెద్ద పాఠం మరొకటి ఉంది: ఆరుగురికీ కొద్ది నిమిషాల తేడాతో వరుసగా ఇవ్వడం. మొదటివాడికి ఇచ్చి ఒక రోజు ఆగి ఉంటే మిగతా ఐదుగురు ఇంటికి వెళ్లిపోయేవారు. ఆనాటి నుంచి ఇలాంటి మందుల్లో మొదటి డోసును ‘హాని చేయని గరిష్ఠం’ నుంచి కాకుండా ‘ఏదైనా ప్రభావం చూపగల కనిష్ఠం’ నుంచి లెక్కకట్టడం, మొదట ఒక్కరికే ఇచ్చి వేచి చూడడం పద్ధతిగా మారింది. ఆ ‘ఒక రోజు ఆగుదాం’ అనే వాక్యాన్ని ప్రొటోకాల్‌లో రాసేది, ఖర్చు పెరుగుతుందని పైవాళ్లు విసుక్కున్నా దాన్ని నిలబెట్టేది క్లినికల్ డెవలప్‌మెంట్ అధిపతి.

డోసు కంటే చిక్కైనది, మేలు జరిగిందని దేన్ని చూసి ఒప్పుకోవాలన్నది. దీన్ని ఎండ్‌పాయింట్ అంటారు. మళ్లీ బోదకాలు దగ్గరికే వద్దాం. ఆరోగ్య సిబ్బంది ఊళ్లోకి రాత్రి ఎనిమిది దాటాక వచ్చి వేలి నుంచి రక్తం తీసుకుపోతారు. పగలు పనులుండగా రాత్రి ఈ తిప్పలేమిటని జనం విసుక్కుంటారు గానీ, ఆ జబ్బు కలిగించే పురుగు పిల్లలు పగలు లోపలి రక్తనాళాల్లో దాక్కుని, దోమ కుట్టే వేళకే పైరక్తంలోకి వస్తాయి. డీఈసీ మాత్ర బలం ముఖ్యంగా ఆ పురుగు పిల్లలను రక్తం నుంచి తుడిచిపెట్టడంలో ఉంది. అవి రక్తంలో లేకపోతే దోమకు దొరకవు, దోమకు దొరకకపోతే పక్కింటివాడికి చేరవు. ఈ కొలమానంతో చూస్తే మందు పనిచేసింది. కాలు ఇరవై ఏళ్లుగా వాచి ఉన్న ముసలామె మాత్రం, ‘ఏటా మింగుతూనే ఉన్న, కాలు ఇసుమంతైనా తగ్గలే’ అంటుంది. ఆమె చెప్పేదీ నిజమే. పాడైపోయిన లింఫు నాళాలను ఆ మాత్ర బాగుచేయదు. ట్రయల్ కొలిచింది రాత్రి రక్తంలోని పురుగులను. ఆమె కొలుస్తున్నది తన కాలును. మందుల మీద ప్రజలకు నమ్మకం సడలిపోయే చోట తరచుగా జరుగుతున్నది ఇదేనని నాకనిపిస్తుంది: మోసం కాదు, రెండు వేర్వేరు కొలతలు. రక్తంలో చక్కెర తగ్గించే మందు గుండెపోటును ఆపుతుందా, గడ్డను చిన్నది చేసే మందు ఆయుష్షు పెంచుతుందా అన్న ప్రశ్నలన్నీ ఈ కోవలోవే. ఎండ్‌పాయింట్‌ను ఎంచుకునే కుర్చీలో కూర్చున్న శాస్త్రవేత్త కొలవడానికి సులువైనదాన్ని ఎంచుకుంటే ట్రయల్ తొందరగా ముగుస్తుంది. రోగికి కావలసినదాన్ని ఎంచుకుంటే ఏళ్లు పడుతుంది. ఈ రెండింటి మధ్య తూకమే ఆ ఉద్యోగంలో అసలు బరువు.

దుష్ఫలితాల లెక్కా ఇంతే వంకర. మాత్ర మింగిన రాత్రి కొందరికి జ్వరం, తలనొప్పి, కళ్లు తిరగడం వస్తాయి. మరుసటి రోజు ఊళ్లో సగం మంది మాత్రలను చెత్తకుప్పలో పడేస్తారు. నిజానికి ఆ జ్వరం ఎక్కువగా వచ్చేది ఒంట్లో పురుగు ఉన్నవాళ్లకే, చచ్చిపోతున్న పురుగుల వల్లనే. అంటే ఎవరికి మందు అవసరమో వాళ్లకే బాధ ఎక్కువ. అదే సమయంలో, మాత్ర వేసుకున్న మర్నాడు ఎండలో కలుపు తీస్తూ ఒకరు పడిపోతే అది మాత్ర వల్లనా, ఎండ వల్లనా? ఒక్క మనిషిని చూసి ఇది తేల్చలేం. మందు తీసుకున్న గుంపులో ఎందరు పడిపోయారు, తీసుకోని గుంపులో ఎందరు పడిపోయారు అని పక్కపక్కన పెట్టి చూడాలి. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలన్నది డాక్టరు ఇష్టానికి వదిలేస్తే బలహీనంగా ఉన్నవాళ్లను ఒకవైపుకు తోసే ప్రమాదం ఉంది కనుక, చీటీలు వేసి తీసినట్టు విధికి వదిలేయాలి.

పోలికలో కూడా అంకెలు మనల్ని బోల్తా కొట్టిస్తాయి. భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావ్యాక్ అనే విరేచనాల టీకా మూడో దశ ట్రయల్ (అనుమతికి ముందు ఎక్కువమందితో చేసే పెద్ద పరీక్ష) ఫలితాలు 2014లో వెలువడ్డాయి. టీకా చుక్కలు తీసుకున్న పిల్లల్లో తీవ్రమైన రోటావైరస్ విరేచనాల కేసులు 71, ఉత్త చుక్కలు తీసుకున్న పిల్లల్లో 76. ఈ రెండంకెలు మాత్రమే చూసినవాళ్లెవరైనా టీకా దండగ అంటారు. కానీ ఢిల్లీ, పుణె, వేలూరు ప్రాంతాల్లో చేర్చుకున్న 6,799 మంది శిశువుల్లో 4,532 మందికి టీకా, 2,267 మందికి ఉత్త చుక్కలు వేశారు. అంటే ఒకరికి ఇద్దరు చొప్పున. ఒక బిడ్డను ఒక ఏడాది గమనించడాన్ని ఒక యూనిట్‌గా తీసుకుంటే మొదటి గుంపులో 4,752, రెండో గుంపులో 2,360 యూనిట్లు వచ్చాయి. వందకు ఎన్ని అని చూస్తే అక్కడ సుమారు ఒకటిన్నర, ఇక్కడ మూడుకు పైగా. సగానికి పైగా తగ్గాయి; రక్షణ 53.6 శాతమని లెక్క తేలింది. దీన్ని కూడా ‘సగమేనా’ అని తీసిపారేయవచ్చు. దేశంలో కోట్లాది శిశువులకు వేసే టీకా విషయంలో ఆ సగం అంటే ఎన్ని ఆస్పత్రి మంచాలు ఖాళీ అవుతాయో ఊహించుకుంటే ఆ మాట అనలేం. ట్రయల్‌లో ఎందరిని చేర్చాలి, ఏ తేడా కనిపిస్తే గెలుపు అనుకోవాలి అన్నది ఫలితం రాకముందే రాసి పెట్టుకోవాలి. మన దేశంలో ట్రయల్ మొదలుకాకముందే వివరాలను జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. బాణం వేసిన తర్వాత దాని చుట్టూ గురి గీసుకోకుండా ఉండడానికే ఇదంతా.

ఈ రోటావ్యాక్ వెనుకనే, నేను ఇంతసేపూ చెబుతున్న రకం జీవితం ఒకటి ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల వైద్యుడైన మహరాజ్ కిషన్ భాన్ బృందం 1980ల మధ్యలో ఆస్పత్రిలోని నవజాత శిశువుల నుంచి ఆ వైరస్ రకాన్ని వేరుచేసింది. వైరస్ ఉన్నా ఆ పిల్లలకు విరేచనాలు లేకపోవడం వాళ్ల కంటపడింది. అక్కడి నుంచి టీకా అనుమతి పొందేదాకా దాదాపు మూడు దశాబ్దాలు. ఈ మధ్యలో భాన్ ల్యాబ్ మనిషిగా, వైద్యుడిగా, 2004 నుంచి 2012 దాకా కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కార్యదర్శిగా అదే పనిని వేర్వేరు కుర్చీల నుంచి నెట్టుకొచ్చారు. అమెరికా సంస్థలు, భారత ప్రభుత్వం, ఒక హైదరాబాద్ కంపెనీ, దాతృత్వ సంస్థలు ఒకే తాటిమీద నడిచాయి. ఈ రంగంలో ఒక మనిషి ఉద్యోగ జీవితమంతా కలిపి ఒక మందు, అదృష్టం బాగుంటే రెండు. మనుషుల మీద పరీక్షల దాకా వచ్చిన పది మందుల్లో తొమ్మిది అనుమతి దాకా చేరవు. అంటే ఏ మందూ బయటకు రాకుండానే రిటైరైన గొప్ప శాస్త్రవేత్తలు చాలామంది ఉంటారు, వాళ్ల పేర్లు మనకు తెలియవు.

చేరని ఆ తొమ్మిదింటిని ఎవరు ఆపుతారు? మన హైదరాబాద్‌కు ఇది స్వానుభవం. డాక్టర్ రెడ్డీస్ పరిశోధన కేంద్రంలో పుట్టిన రాగాగ్లిటజార్ అనే మధుమేహం మందును డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్ తీసుకుని మూడో దశ దాకా నడిపింది. భారతీయ ల్యాబ్‌లో పుట్టిన కొత్త అణువు ప్రపంచ మార్కెట్‌కు చేరబోతోందని అందరూ సంబరపడుతున్న వేళ, 2002లో, ఎలుకల మూత్రాశయంలో గడ్డలు కనిపించడంతో ట్రయల్స్ ఆపేశారు. అప్పటికి మందు వాడుతున్న మనుషుల్లో అలాంటి గడ్డలు కనిపించలేదు. ఇంత డబ్బు, ఇన్నేళ్ల శ్రమ, ఎలుకల్లో కనిపించినదానికి వదులుకోవాలా అని అనిపించడం సహజం. ఆ సహజమైన ఊగిసలాటకు తావు లేకుండా చేయడానికే, ఏది కనిపిస్తే ఆపాలో ముందే రాసుకుంటారు. ట్రయల్ నడుస్తున్నంతకాలం ఎవరు మందు తీసుకుంటున్నారో, ఎవరు ఉత్త మాత్ర తీసుకుంటున్నారో అధిపతికి కూడా తెలియకూడదు. ఆ గుట్టు విప్పి చూసే అధికారం కంపెనీతో సంబంధం లేని నిపుణుల కమిటీ ఒక్కదానికే ఉంటుంది. వాళ్లు ఆపమంటే ఆపాలి. కోట్ల రూపాయల పనికి అధిపతిగా ఉంటూ, దాని ఫలితం ఏ దారిన పోతోందో తెలుసుకోకుండా కూర్చోవడం ఈ ఉద్యోగంలోని వింత క్రమశిక్షణ. ముందు ఫలితం, ఆ తర్వాతే అనుమతి అన్న వరుస ఎందుకు ముఖ్యమో కరోనా కాలంలో అందరం చూశాం. కోవాగ్జిన్‌కు 2021 జనవరి 3న, మూడో దశ ఫలితాలు రాకముందే, ‘క్లినికల్ ట్రయల్ మోడ్’లో అనుమతి ఇచ్చారు. తర్వాత సుమారు 25,800 మందితో జరిగిన ట్రయల్‌లో రక్షణ 77.8 శాతమని తేలింది. టీకా పనిచేసింది, అయినా ముందు అనుమతి, వెనుక ఫలితం కావడంతో మొదలైన అనుమానం ఆ ఫలితంతో పూర్తిగా పోలేదు.

తెలంగాణకు సంబంధించినంతవరకు ఈ వ్యవహారంలో అన్నిటికంటే బలహీనమైన అతుకు సమ్మతి పత్రమని నేననుకుంటాను. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. కొందరు బాలికల మరణాలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలిందేమిటంటే, తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన పత్రాలు చాలా ఉన్నాయని. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. మంచి టీకాయే కావచ్చు, అడగకుండా వేస్తే ఆ మంచితనం లెక్కలోకి రాదు. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం సమ్మతి పత్రం పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి, చదువు రానివారికి పక్షపాతం లేని సాక్షి ఎదుట వివరించాలి, నిస్సహాయ స్థితిలో ఉన్నవారిని కొత్త అణువు ట్రయల్‌లో చేర్చుకునేటప్పుడు ఆ సంభాషణను వీడియో తీయాలి; మరణం వంటి తీవ్ర సంఘటన జరిగితే పరిశోధకుడు 24 గంటల్లో నియంత్రణ సంస్థకు, ఎథిక్స్ కమిటీకి, కంపెనీకి తెలియజేయాలి. నియమాలు బాగున్నాయి. తెలుగు మాత్రం బాగుండదు. ‘యాదృచ్ఛికీకరణ ద్వారా మీరు నియంత్రిత సమూహమునకు కేటాయించబడగలరు’ అనే ధోరణిలో సాగే వాక్యం చట్టప్రకారం తెలుగే, దేవరకొండ తండాలో ఎవరికీ తెలుగు కాదు. ‘చీటీ తీసినట్టు తీస్తం, మీకు అసలు మందు రావచ్చు, మందు లేని మాత్ర రావచ్చు, ఏది వచ్చిందో మాకూ తెల్వదు, నడుమల ఎప్పుడు వద్దనుకున్నా మానేయొచ్చు, మానేసినా మీ వైద్యం ఆగదు’ అంటే సరిపోతుంది. ఇంత సూటిగా రాయడానికి ట్రయల్ మొత్తం తలకెక్కి ఉండాలి కనుక, ఈ పనిని అనువాదకుడికి వదిలేయకుండా శాస్త్రవేత్త తానే కూర్చుని చేయవలసిన పనుల్లో ఒకటిగా లెక్కపెడతాను.

ఇక్కడి పిల్లలకు దారి ఏమిటన్నది త్వరగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే దారి మెట్లు అందరికీ తెలిసినవే. బైపీసీ తర్వాత నీట్‌లో సీటు రాకపోతే చదువు ముగిసినట్టేనన్న భ్రమ ఒకటి బలంగా ఉంది. నల్గొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చి పదిహేనేళ్లు దాటింది. అక్కడో, హైదరాబాద్‌లోనో ఎమ్మెస్సీ చేసి, నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయవచ్చు. డాక్టర్ల వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా ఎండీ ఫార్మకాలజీ దారిలో వస్తారు. నిమ్స్‌లో క్లినికల్ ఫార్మకాలజీ కోర్సు ఉంది. ఈ మెట్ల కంటే మధ్యలో ఉండే ఒక చిన్న ఉద్యోగం మీద నాకు గురి ఎక్కువ: ఆస్పత్రిలో స్టడీ కోఆర్డినేటర్. జీతం తక్కువ, పేరుకు గౌరవం అంతకంటే తక్కువ. కానీ రోగి రెండో విడతకు ఎందుకు రాలేదో, బస్సు చార్జీలకు డబ్బుల్లేకనా, పత్తి తీసే రోజులనా, మాత్రతో కడుపులో తిప్పిందనా, కంప్యూటర్‌లో ఒక ఖాళీగడిగా మాత్రమే కనిపించే ఆ సంగతి ముఖం చూసి తెలుసుకునేది ఆ ఒక్కరే. అలాంటి ఖాళీగడుల అర్థం తెలిసినవాళ్లు, దానికి తోడు స్టాటిస్టిక్స్ అంటే భయం లేనివాళ్లు, తర్వాత ప్రొటోకాల్ రాస్తే అది వేరుగా ఉంటుంది. బీబీనగర్ ఎయిమ్స్, నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాక, ఇలాంటి పని కోసం హైదరాబాద్‌లోనే గది అద్దెకు తీసుకోవాలన్న పరిస్థితి మెల్లగా మారే అవకాశం ఉంది.

మందుకు అనుమతి వచ్చాక కూడా పని అయిపోదనడానికి ఆ డీఈసీ మాత్రే సాక్ష్యం. పుట్టి డెబ్బై ఏళ్లయ్యాక దాని లెక్క మళ్లీ మారింది. డీఈసీ, ఆల్బెండజోల్‌లకు ఐవర్‌మెక్టిన్ అనే మరో పురుగుల మందు కలిపితే ఏమవుతుందని పపువా న్యూగినీలో రెండు వందల లోపు మందితో పరీక్షిస్తే, ఏడాది తర్వాత మూడు మందులు ఒక్కసారి తీసుకున్నవాళ్లలో 96 శాతం మంది రక్తంలో పురుగు పిల్లలు లేవు; రెండు మందులు తీసుకున్నవాళ్లలో అలా ఉన్నది 32 శాతమే. అంత తేడా కనిపించినా వెంటనే ఊళ్లకు ఊళ్లకు పంచలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా మింగే మందు కనుక అరుదైన దుష్ఫలితం కూడా బయటపడాలని ఐదు దేశాల్లో 26,000 మందికి పైగా జనంతో భద్రత అధ్యయనం చేశారు. మన దేశంలో దానికి ఎంచుకున్న చోటు నారాయణపేటకు ఆనుకుని, సరిహద్దు అవతల ఉన్న యాద్గిర్ జిల్లా. దేశంలో కొన్ని జిల్లాల్లో ఇప్పుడు మింగే మూడు మందుల కలయిక వెనుక ఆ పొరుగు ఊళ్లవాళ్ల సంతకాలున్నాయి.

ఈ పంపిణీ ఎప్పుడు ఆపాలన్నది కూడా ఒక ట్రయల్ ప్రశ్నలాగే తేలుస్తారు. కొన్నేళ్లు మాత్రలు పంచాక, ఒకటో తరగతి, రెండో తరగతి చదివే ఆరేడేళ్ల పిల్లల వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి, పట్టీ మీద వేసి, పది నిమిషాలు ఆగి చూస్తారు. ఈ పట్టీ వెతికేది పెద్ద పురుగు ఆనవాలును కనుక రాత్రిదాకా ఆగనక్కర్లేదు, బడి వేళల్లోనే చేయవచ్చు. పంపిణీ మొదలయ్యాక పుట్టిన పిల్లలు కాబట్టి, వాళ్లలో ఆ ఆనవాలు కనిపిస్తే జబ్బు ఇంకా ఊళ్లో తిరుగుతున్నట్టు. ఇంతమంది పిల్లలను పరీక్షిస్తే ఇంతమందికి మించి తేలకూడదన్న హద్దు ఒకటుంటుంది. లోబడి ఉంటే మాత్రలు ఆపేస్తారు, దాటితే ఆశా కార్యకర్త మళ్లీ ఇంటికొస్తుంది. ఆ హద్దు ఎంతన్నది బడి గేటు దాటకముందే కాగితం మీద రాసి ఉంటుంది.